ఉప్పు ఎవరు చూడాలి

మా ఇంట్లో రెండు వంటిళ్ళున్నాయి. గొప్పకి చెప్పడం లేదు. సిటీ శివార్లలో, బ్లాక్‌టౌన్ దాటాక కొత్తగా లేచిన కాలనీల్లో మనవాళ్ళు చాలామంది గరాజులో ఇంకో స్టవ్ పెట్టుకుంటారు, చేపల పులుసు వాసన సోఫాలకి పట్టకుండా. మా ఇంట్లో దానికి కారణం చేపలు కాదు, నేను. మా పుట్టింట్లో కోడిగుడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చిన చరిత్ర లేదు. మా ఆయన వాళ్ళింట్లో ముక్క లేని ఆదివారం లేదు. ఇద్దరం ఇక్కడ యూనివర్సిటీలో చదువుకుంటూ కలిశాం. రెండు వైపులా పెద్దవాళ్ళు మూతి ముడుచుకున్నా పెళ్ళి చేసుకున్నాం. లోపలి వంటిల్లు నాది, గరాజు ఆయనది అని పంచుకున్నాం. ఆ పంపకం మీదే మా కాపురం ఇరవై ఏళ్ళు పైనే నడిచింది.

గరాజు బాణలి వేరు, కత్తి వేరు, పళ్ళాలు వేరు, గిన్నెలు తోమే స్పాంజి వేరు. ఆ స్పాంజి పొరపాటున లోపలి సింకు దగ్గర కనపడిందంటే నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "నీ స్పాంజికి నా సింకే దొరికిందా?" అని. "కోడేనే తల్లీ, పులి కాదు, కరవదు," అనేవాడు ఆయన. నాకు ముక్కు మీద కోపం, ఆయనకి పెదాల మీద నవ్వు. ఎప్పుడూ నేనే అరిచేదాన్ని, చివరికి ఎప్పుడూ నేనే వెళ్ళి అన్నానికి పిలిచేదాన్ని.

వారంవారం కోడికూర ఏదో కెలికేవాడు గానీ, మా ఆయన ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండేది ఏడాదికి ఒక్కటే. క్రిస్మస్‌కి బ్రెడ్ స్టఫింగ్. ఎండబెట్టిన బ్రెడ్ ముక్కలు, తొక్క ఒలిచిన సాసేజ్ మాంసం, ఉల్లిపాయ, సెలరీ కాడలు, సేజ్ ఆకు, థైమ్ ఆకు, బోలెడు వెన్న, కోడి ఎముకలు మరిగించిన చికెన్ స్టాక్ కాస్త, ఒక గుడ్డు. ఇవన్నీ కలిపి ఇక్కడివాళ్ళు కోడి పొట్టలో కూరతారు. ఈయన కోడి జోలికి పోకుండా వెడల్పాటి ట్రేలో పరిచి, గరాజు బల్ల మీదుండే చిన్న అవెన్‌లో పెట్టి, పైన ఎర్రగా పెళుసెక్కేదాకా కాల్చేవాడు. ఆ వాసన తలుపు కింద నుంచి దూరి ఇల్లంతా తిరిగేది. మాంసం వాసనంటే కడుపులో తిప్పే నాకు కూడా, అందులో ఆ ఆకుల వాసన మాత్రం బాగానే అనిపించేది. పైకి అనేదాన్ని కాదు, అంటే నెత్తికెక్కుతాడని.

చదువుకునే రోజుల్లో ఆయన బొగ్గుల మీద కోళ్ళు కాల్చి అమ్మే కొట్టులో పనిచేశాడు. నలుగురు ఒక గదిలో సర్దుకుని, ప్యాకెట్ నూడుల్స్ మీద బతుకుతున్న కాలం అది. క్రిస్మస్ ముందురోజు కొట్టావిడ పనివాళ్ళందరి కోసం ఒక ట్రే నిండా స్టఫింగ్ చేసి తెచ్చిందట. ఈయన్ని చూసి, నువ్వు మరీ పుల్లలా ఉన్నావు, బాగా వేగిన మూల ముక్క నువ్వు తీసుకో అందట. "ఈ దేశంలో నాకోసం ఒకళ్ళు వండి, తిను అని పెట్టిన మొదటి తిండే అది," అని ప్రతి క్రిస్మస్‌కీ చెప్పేవాడు. మా ఇంటికొచ్చే స్నేహితులకి ఆ కథ కంఠతా వచ్చేసింది. అయినా మొదట్నుంచీ మళ్ళీ వినేవాళ్ళు. వినకపోతే మూల ముక్క పెట్టడు మరి.

ఒక ఏడాది ఏప్రిల్‌లో ఆయన గొంతు బొంగురుపోయింది. దగ్గుమందు, ఆవిరి, మిరియాల కషాయం, అన్నీ అయ్యాక తెలిసింది కాన్సర్ అని. చలికాలమంతా, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, రేడియేషన్. పొద్దున్నే కారులో తీసుకెళ్ళి, మధ్యాహ్నానికి తీసుకొచ్చేదాన్ని. గొంతు లోపలంతా కాలిపోయింది, మింగడం పోయింది. పొట్టకి చిన్న గొట్టం పెట్టారు. సీసాల్లో వచ్చే చిక్కటి పాలలాంటి ద్రవం ఆ గొట్టంలో పోయడం నా పని. పోపు లేదు, గరిటె లేదు, విస్తరి లేదు. నా వంటని మెచ్చుకున్నా తిట్టినా ఆ ఒక్క మనిషే. ఆ మనిషికి సిరంజితో అన్నం పెట్టాల్సి వచ్చింది నాకు.

నోట్లో ఏదీ వేయకూడదన్నారు, మంచినీళ్ళు కూడా. మింగింది కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుందట. సెప్టెంబరులో ఒకరోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, బల్ల మీదున్న నా టీ కప్పు తీసుకుని ఒక్క గుక్క తాగాడు. ఒక్క గుక్కే. సాయంత్రానికి ఒళ్ళు పేలిపోయే జ్వరం, ఆంబులెన్సు, ఆసుపత్రి, నిమోనియా. ఇంకోసారి ఇలా జరిగితే తట్టుకోలేడని, ఆసుపత్రిలో మింగడం సంగతి చూసే అమ్మాయి నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. అప్పట్నుంచి నేను టీ కలుపుకుంటే, బయటికి తీసుకెళ్ళి కారులో కూర్చుని తాగేదాన్ని.

నవంబరు ఆఖర్న పెద్ద డాక్టరు ఇక వైద్యం ఆపేద్దామన్నాడు. నొప్పి తెలియకుండా చూసుకుందాం అన్నాడు. నాకప్పుడు తెలియదు గానీ, ఆయనకి మిగిలింది రెండు నెలలు కూడా కాదు. ఇంటి ముందు కారు ఆపాక, "క్రిస్మస్ దాకా ఉంటానంటావా?" అని అడిగాడు.

"నోర్ముయ్," అన్నాను.

డిసెంబరు వచ్చింది. వీధంతా లైట్లు, గాలి నింపిన శాంటాలు, సాయంత్రమైతే వాటిని చూడ్డానికి పిల్లల్ని వేసుకుని వచ్చే కార్లు. ఏటా వచ్చే స్నేహితులు ఫోన్లు చేశారు. ఎవరూ రావద్దని నా చేత చెప్పించాడు. "నా గొట్టం చూస్తే వాళ్ళకి ముద్ద దిగదే. పండగ పూట ఎందుకు, పాపం," అన్నాడు. అప్పటికి ఆయనకి గొంతు లేదు, వట్టి గాలి మాటలు. దగ్గరికెళ్ళి చెవి పెట్టి వినాలి.

ఏ హడావుడీ లేకుండా ఆ ఒక్కరోజూ గడిచిపోతే చాలు దేవుడా అని నేననుకుంటుంటే, ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, "స్టఫింగ్ చెయ్యవే," అన్నాడు.

"ఎవరికి?"

"చెయ్యి."

"ఎవరు తింటారయ్యా? నీకా గొట్టం. నేనా ముట్టను. నీ కూతురా, పాలు కూడా మానేసి కూర్చుంది."

మా అమ్మాయి యూనిలో చేరాక వీగన్ అయింది. మా పుట్టింటివాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివింది, దానికి నెయ్యి కూడా పాపమే. సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటూ, "ఐ కెన్ గెట్ వీగన్ సాసేజెస్, నాన్నా," అంది. ఆయన దానివైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి నాకు నవ్వొచ్చింది. ఆ ఎముకల గూడులో మా పాత మనిషి ఇంకా ఉన్నాడని కాస్త ధైర్యం కూడా వచ్చింది.

"వాసనైనా చూస్తాను," అన్నాడు నాతో. "ఒక్కసారి ఆ రుచి తగిలితే చాలే నాకు."

"వాసన సరే. రుచి ఎలా తగులుతుంది?"

"ఏమో. ముందు చెయ్యి."

అదీ ఆయన కోరిక. నాలుక మీద ఒక్కసారి ఆ రుచి. కొండ మీది కోతిని తెమ్మని అడగలేదు, మా గరాజులో ఏటా ఉన్నదే అడిగాడు. అయినా ఇచ్చే దారి లేదు. పోయేవాళ్ళు దేని మీదా ఆశ పెట్టుకుని పోకూడదని మా అమ్మమ్మ అనేది. మంచంలో ఉన్నవాళ్ళు ఏం నోరూరిందన్నా అప్పటికప్పుడు వండి, ఒక్క మెతుకైనా నోట్లో పెట్టేవాళ్ళు మా ఊళ్ళో. ఆ మాట అప్పట్నుంచీ నన్ను పట్టుకుని వదల్లేదు. పెడితే చంపినదాన్నవుతాను, పెట్టకపోతే ఆశతో పంపినదాన్నవుతాను. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ డిసెంబరులో అర్థమైంది.

క్రిస్మస్ ముందురోజు మా అమ్మాయి సాసేజులు కొనుక్కొచ్చి, రెండు సంచుల్లో చుట్టి, గరాజు ఫ్రిజ్‌లో పడేసి, కెఫేలో తన షిఫ్టుకి పరిగెత్తింది. బ్రెడ్డు నేనే తెచ్చాను. గరాజు పెద్ద తలుపు సగం ఎత్తి, ఫ్యాను పెట్టి, మడత కుర్చీలో దిండ్లు వేసి ఆయన్ని కూర్చోబెట్టాను. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలమే, పొద్దున్నే ఎండ మండిపోతోంది, ఈగలు ముసురుతున్నాయి. కూర్చున్న కాసేపటికే మందుల మత్తులో ఆయన తల వాలిపోయింది. లేచేలోగా నాకు తెలిసిన పని చేసి పెడదామని బ్రెడ్డు ముందేసుకున్నాను.

బ్రెడ్డుతో నాకు తెలిసింది బ్రెడ్ వడలు. ముక్కని నీళ్ళలో ముంచాలి, రెండు అరచేతుల మధ్య పెట్టి నీరంతా పిండేయాలి, మెత్తగా ముద్ద చేయాలి. అలాగే చేశాను, ఎంతో పొందిగ్గా. సగం ప్యాకెట్ అయ్యేసరికి ఆయన కళ్ళు తెరిచాడు. గిన్నెలోకి చూశాడు.

"ఓరి నాయనో," అన్నాడు. "గారెల పిండి చేశావేంటే!"

"బ్రెడ్డు తడపరా మరి?"

"పొడిగా ఉండాలే. అదే అన్నీ పీల్చుకోవాలి. ముందే నీళ్ళు తాగించేస్తే ఇంకేం పీలుస్తుంది?"

"అంత తెలిసినవాడివి నువ్వే చేసుకో!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా, భుజాలు కదిలిపోతూ. నవ్వితే దగ్గొస్తుందేమోనని నాకు భయం. పరిగెత్తి వెళ్ళి వీపు పట్టుకున్నాను. చొక్కా కింద వెన్ను ఎముకలన్నీ వేళ్ళకి తగిలాయి. ఏడుపొచ్చింది. కుక్కుకుని వెళ్ళి ఆ ముద్దంతా పెరట్లో మాగ్‌పై పిట్టలకి వేశాను. మిగిలిన సగం ఆయన చెప్పినట్టే బొటనవేలంత ముక్కలు కోసి, అవెన్‌లో సన్నటి వేడి మీద ఎండబెట్టాను.

తర్వాత సాసేజులు. గొట్టం పనికి వాడే చేతి తొడుగులు వేసుకున్నాను. చున్నీ ముక్కుకి కట్టుకున్నాను. ఆయన చెబుతున్నాడు, నేను చేస్తున్నాను. కత్తి మొనతో తొక్క మీద నిలువునా ఒక గీత, తర్వాత వేళ్ళతో ఒలిచి లోపలిది గిన్నెలోకి. చల్లగా, జిగటగా, లేత గులాబీ రంగులో జారింది. మొహం పక్కకి తిప్పుకుని మిగతాది ఒలిచాను.

"బందిపోటులా ఉన్నావే ఆ చున్నీతో," అన్నాడు.

"నీ పిండా..." అని నోటిదాకా వచ్చింది. వేళాకోళానికి రోజుకి పదిసార్లు అనే మాటే. ఎన్నేళ్ళుగానో అంటున్నాను, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం మధ్యలోనే ఆపేశాను. ఆయనకీ వినపడింది. రెండో సాసేజ్ తీసుకుని గీత పెట్టాను.

బాణలిలో వెన్న కరిగింది. ఉల్లిపాయ, సెలరీ వేశాను. పెరట్లో ఆయన కుండీలోంచి సేజ్ ఆకు కోసుకొచ్చి సన్నగా తరిగాను. చేతులు ఊరుకోవు కదా, "ఒక్క పచ్చిమిర్చి వేస్తానయ్యా," అన్నాను.

"వద్దు."

"కాస్త జీలకర్ర?"

"చంపేస్తాను."

మాంసం వేసి, చెక్క గరిటెతో పొడిపొడిగా విరుస్తూ వేయించమన్నాడు. "అంతా వేసెయ్యకు. చిన్న ఉండంత పక్కన పెట్టు. దాంట్లో రెండు బ్రెడ్డు ముక్కలు, ఆకు, కాస్త స్టాక్ కలిపి విడిగా వేయించు. ఉప్పు చూడాలి," అన్నాడు. ఏటా ఆయన అలాగే చేసేవాడట. సాసేజ్‌లో ఎంత ఉప్పుంటుందో, స్టాక్‌లో ఎంతుంటుందో ఎవడికి తెలుసు, నాలుక మీద వేసుకుంటేనే తెలుస్తుంది.

నేను వంట చేస్తూ ఉప్పు చూడను. దేవుడికి పెట్టేలోగా ఎంగిలి పడకూడదని మా అమ్మ నేర్పింది, పూజ లేని రోజుల్లో కూడా ఆ అలవాటు పోలేదు. నాది చేతి కొలత. నా పప్పులోనైనా పులుసులోనైనా ఉప్పు చూసేది ఎప్పుడూ ఆయనే. గరిటెతో కాస్త ఆయన అరచేతిలో వేస్తే, నాకి, "చాలు" అనేవాడు, లేకపోతే "ఇంకొంచెం వెయ్" అనేవాడు. చలికాలం నుంచి నా వంట ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు వట్టి చప్పిడి. మా అమ్మాయి ఏమీ అనకుండా తిని లేచిపోయేది.

ఉండ ఎర్రగా వేగింది. సాసర్‌లోకి తీసి ఆయన ముందుకి తెచ్చాను. అలవాటు, ఇంకేం కాదు. అక్కడికి వచ్చాక ఇద్దరికీ తట్టింది. ఆవిరి పైకి వెళ్తోంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నోరు తెరిచాడు.

"పెట్టు," అన్నాడు.

"వద్దు."

"మింగనే. నమిలి ఉమ్మేస్తాను."

"నమిలినా రసం దిగుతుందని చెప్పిందిగా ఆ ఆసుపత్రి అమ్మాయి. టీ కూడా గుక్కే అన్నావు."

"పోతే పోతాను. ఎలాగూ పోయేవాణ్ణేగా."

నా చెయ్యి అప్పటికే సగం దూరం వెళ్ళింది. నిజం చెబుతున్నాను, పెట్టేసేదాన్నే. పిట్టపిల్లలా తెరిచిన ఆ నోరు, పెదాల మీద పగుళ్ళు, ఎండిపోయిన నాలుక. ఏ ఆడదానికైనా చెయ్యి ఆగుతుందా? అంతలో ఆ సెప్టెంబరు సాయంత్రం గుర్తొచ్చింది. ఊపిరి అందక ఆయన నా మణికట్టు పట్టుకున్న పట్టు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పో," అని అరిచాను. "నా చేత్తో పెట్టింది తిని పో. ఆ తర్వాత నేనెలా బతకాలో కూడా చెప్పి మరీ పో!"

పక్కింటివాళ్ళ పెరట్లో మాటలు ఆగిపోయాయి. ఆయన నోరు మూసుకున్నాడు. తల గోడ వైపు తిప్పుకున్నాడు. సాసర్ మీద ఈగ వాలింది. ఆ ఉండ తీసి చెత్తబుట్టలో పారేశాను.

"ఉప్పు వెయ్యనా?" అని అడిగాను కాసేపటికి. పలకలేదు. చేతికొచ్చినంత వేసి, బ్రెడ్డు ముక్కల్లో అన్నీ కలిపి, స్టాక్ చిలకరించి, గుడ్డు కొట్టి, ట్రేలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. గొట్టంలో పాలు పోస్తున్నప్పుడు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అలిగేది నేను, బతిమాలేది నేను. ఆయన అలగడం అదే మొదలు. ఎలా బతిమాలాలో కూడా నాకు చేతకాలేదు.

క్రిస్మస్ రోజు పొద్దున్న మా అమ్మాయిని స్నేహితురాలి ఇంటికి ఆయనే పంపేశాడు. "వెళ్ళమ్మా. నువ్వు మొహం వేలాడేసుకుని కూర్చుంటే నాకు బాగోదు," అని. అది వంగి ఆయన నుదుటి మీద ముద్దు పెట్టి, "ఐల్ బీ బ్యాక్ దిస్ ఆర్వో, ఓకే?" అంది, సాయంత్రానికల్లా వచ్చేస్తానని. అది వెళ్ళాక ఇల్లు బావురుమంది. చుట్టూ ప్రతి పెరట్లోంచీ బార్బెక్యూ పొగ, పాటలు, పిల్లల కేకలు. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడొక్కటే.

మధ్యాహ్నం ఆయనకి గొట్టంలో పోసేసి, గరాజులో అవెన్ వెలిగించి ట్రే పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. చేస్తానన్నాను, చేశాను, కాల్చకపోతే పని సగంలో ఉన్నట్టుంటుంది. కాసేపటికి వెన్న వాసన, ఆ తర్వాత ఆకుల వాసన ఇంట్లోకి వచ్చాయి. గదిలోంచి చప్పట్లు వినపడ్డాయి. గొంతు లేనివాడు కాబట్టి, పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. వెళితే, "గరాజులోకి తీసుకెళ్ళు," అన్నాడు. ముందురోజు నుంచి అదే మొదటి మాట.

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి అవెన్ ఎదురుగా పెట్టాను. అద్దంలోంచి లోపలికి చూస్తూ కూర్చున్నాడు. ముక్కు పుటాలు ఎగరేస్తూ గాలి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు.

"వస్తోందా?" అన్నాను.

"వాసన వస్తోంది," అన్నాడు. "రుచి రావట్లేదే. ముక్కు దాకా వచ్చి ఆగిపోతోంది."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రేడియేషన్ అప్పుడు ఏడవలేదు, డాక్టరు చేతులెత్తేసినప్పుడు ఏడవలేదు. రొట్టె ముక్క కోసం ఏడుస్తున్నాడని నాకు గుండె తరుక్కుపోయింది. దేవుడి మీద కోపం వచ్చింది. నోరు పెట్టినవాడివి గొంతెందుకు తీసుకున్నావని గట్టిగానే తిట్టాను, ఆయన వింటుండగానే.

ట్రే బయటికి తీశాను. పైన బంగారు రంగు, అంచుల్లో ఎరుపు, మూలల్లో కాస్త నలుపు. చెడగొట్టలేదు, అచ్చం ఆయన చేసినట్టే ఉంది. బల్ల మీద పెట్టి, ఏం చేయాలో తోచక, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"నువ్వు తిను," అన్నాడు.

సరిగా వినలేదేమోనని దగ్గరికెళ్ళి చెవి పెట్టాను.

"నువ్వు తిని నాకు చెప్పవే. ఎలా ఉందో చెప్పు. నువ్వు చెబితే నాకు తెలుస్తుంది."

నా మొహం ఎలా మారిందో ఏమో, వెంటనే, "వాంతొస్తుందంటే వద్దులే," అన్నాడు. "ఊరికే అన్నాను. వద్దులే."

ఆ 'వద్దులే' నేను తట్టుకోలేకపోయాను. దబాయించి ఉంటే దెబ్బలాడేదాన్ని. ఇన్నేళ్ళుగా నాకోసం చలిలో, ఎండలో ఈ గరాజులో వండుకుని, ఇక్కడే తిని, ఇక్కడే కడుక్కుని, నోరు పుక్కిలించి మరీ లోపలికొచ్చిన మనిషి. అడగక అడగక ఒకటి అడిగి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంటున్నాడు. కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళకి నా మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాను. ట్రే ఒళ్ళో టవల్ మీద పెట్టుకున్నాను. మూల ముక్క వేళ్ళతో విరిచాను. కాలింది. ఊది, కళ్ళు మూసుకుని, నోట్లో పెట్టుకున్నాను.

"చెప్పు," అన్నాడు.

"ఉండు. నమలనీ." ఊపిరి బిగబట్టి నమిలాను. "పైన పెళుసుగా ఉంది. అట్టు అంచు ఎర్రగా కాలినచోట ఉన్నట్టు."

"ఆఁ."

"లోపల మెత్తగా ఉంది. ఉల్లిపాయ తియ్యగా మారింది. వెన్న పెదాలకి అంటుకుంటోంది."

"సేజ్?"

"ముక్కులోకి ఎక్కుతోంది. కాస్త కర్పూరంలా, కాస్త వాములా. రెండూ కాదు. ఎలా చెప్పాలయ్యా, మనకి అలాంటి ఆకు లేదు."

"తెలుసు, తెలుసు. మాంసం?"

ఆగాను. పుట్టి బుద్ధెరిగి తిననిదాన్ని దేంతో పోల్చను? ఇంకొంచెం తీసుకుని, ఈసారి ఊపిరి బిగబట్టకుండా నమిలాను.

"నమిలేకొద్దీ ఊరుతోంది," అన్నాను. "మిరియం తగులుతోంది. బ్రెడ్డంతా ఆ రసమే పీల్చుకుంది. బాగుందయ్యా. నిజంగా బాగుంది."

కళ్ళెత్తి చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఖాళీ దవడలు మెల్లగా ఆడుతున్నాయి, నేను నమిలితే ఆయన నమలడం, నేను ఆగితే ఆయన ఆగడం. పొడిబారిన పెదాలు తడుపుకున్నాడు.

"ఉప్పు?" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"కాస్త ఎక్కువైంది."

"అనుకున్నాను. నీది పెద్ద చెయ్యి."

ఏడుస్తూనే నవ్వాను. ముక్కు కారుతోంది, నోట్లో మాంసం, వేళ్ళకి వెన్న. తలుపు బయట ఎండ కళ్ళు పొడుస్తోంది. ఎవరైనా లోపలికి తొంగి చూస్తే మమ్మల్ని పిచ్చివాళ్ళనుకునేవారు. ఆ ముక్క అయిపోయింది. ట్రే పక్కన పెట్టి లేవబోయాను.

ఆయన చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"ఇంకో ముక్క తినవే," అన్నాడు. "నాకింకా ఆకలి తీరలేదు."

మళ్ళీ కూర్చున్నాను. తిన్నాను. ఆయన చాలనేదాకా తిన్నాను.